పటం గీసి భాగాలు గుర్తించిన ఫిర్యాదు

సైన్సు మాస్టారికి ఓర్పు పోయింది ఒక మంగళవారం పొద్దున. అంతవరకూ ఆయన దేనికీ గొంతు పెంచిన మనిషి కారు. నాలుగు నెలల కిందట భార్య పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేసి, వెళ్లేవాళ్లని గుమ్మం దాకా సాగనంపి, మూడో వారం బడికి వెళ్లిపోయారు. వంట మాత్రం పట్టుబడలేదు. పొద్దున టీ, బిస్కెట్లతో సరిపెట్టుకునేవారు. ఆ రోజు ఆయన వేసుకున్న పథకం చిన్నదే. టీ తాగుతూ తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు పది దిద్దాలి, తర్వాత బడికి పోవాలి.

మూడో పత్రం దగ్గర బిస్కెట్లు అయిపోయాయి. అడుగున మిగిలిన పొడిని అరచేతిలోకి దులుపుకుని నోట్లో వేసుకున్నారు. కటుక్కుమంది. తీసి చూస్తే పసుపు రంగు మర. చెవి దిద్దు వెనక తిప్పి బిగించేది, బియ్యపు గింజంత.

"తినే వస్తువులో ఇదేమిటి!" అని గోడ గడియారాన్ని నిలదీశారు. ఇంట్లో అడగడానికి ఇంకెవరూ లేరు.

ఇంకొకరైతే ఫోను చేసి నాలుగు తిట్టి ఊరుకునేవారు. మాస్టారు జవాబు పత్రాలు పక్కకి నెట్టి, స్కేలుతో మరని కొలిచి, మూడు పేజీల ఉత్తరం రాశారు. చివర పటం గీశారు, అసలుకి పదిరెట్లు పెద్దది. తల, అంచు, లోపలి చుట్లు, ఎడమవైపు చిన్న నొక్కు, అన్నిటికీ బాణాలు. "పై వస్తువు మీ ప్యాకెట్టులో దొరికినది" అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. మరని అగ్గిపెట్టెలో దూది మీద పడుకోబెట్టి, ఉత్తరంతో పాటు ఫ్యాక్టరీకి రిజిస్టరు పోస్టు చేశారు. పటానికి నకలు ఉంచుకున్నారు.

ఫ్యాక్టరీకి అప్పటిదాకా తిట్లు వచ్చాయి గాని పటాలు రాలేదు. అందరూ హడలిపోయారు. నాలుగో రోజున తనిఖీ అధికారి రెండు అట్టపెట్టెల బిస్కెట్లతో మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు.

"క్షమించాలి సార్. ఏదో మా తృప్తి కోసం, ఇవి ఉంచండి."

"నాకు బిస్కెట్లు వద్దు. కారణం కావాలి."

అధికారి ఆ మాట రాసుకున్నాడు. వారం తిరిగేసరికి అది ఫ్యాక్టరీ గోడల మీదికి ఎక్కింది, పక్కన మనిషెత్తు మర పటంతో. ప్యాకింగు లైను ఆపేశారు. పనిలోకి వచ్చే ఆడవాళ్లందరి చెవులూ టార్చిలైటు వేసి చూశారు. మగవాళ్లు నవ్వారని మర్నాటి నుంచి వాళ్ల చెవులూ చూశారు. మర లేని చెవి అప్పటికి దొరకలేదు గాని, ఇద్దరు గుమాస్తాలని గుబిలి తీయించుకు రమ్మని డాక్టరు దగ్గరికి తరిమారు.

పదకొండో రోజున అధికారి ఫోను చేశాడు.

"కారణం దొరికింది సార్! ఎడమ చెవికి మర లేని మనిషి. పద్దెనిమిదేళ్ల నుంచీ ప్యాకింగులో ఉంది. ప్రస్తుతానికి పని ఆపాం, సోమవారం తీసేస్తాం."

"మంచిది" అన్నారు మాస్టారు. అని, ఆ పూట టీ సగమే తాగారు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే యాభయ్యేళ్ల ఆడమనిషి. ఎడమ దిద్దుని దారంతో కట్టుకుని ఉంది.

"బొమ్మ గీసిన మాస్టారు మీరేనా?"

"నేనే. మీరూ...?"

"కారణాన్ని."

మాస్టారు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

"నా మర రెండేళ్ల కిందట నీళ్లు పోసుకుంటుంటే జారి తూములో పడింది సార్. చెప్తే ఒక్కడూ వినడే! సోమవారం నన్ను ఇంటికి పంపేస్తారట. ఇంతకీ అది ప్యాకెట్టులో ఎక్కడుంది? ఈ కొసనా, ఆ కొసనా?"

"అడుగున. పొడిలో."

"పొడి ఎలా తీశారు?"

"డబ్బా బోర్లించి."

"ఏ డబ్బా?"

పాతికేళ్లుగా పిల్లల్ని మాస్టారు నిలబెట్టింది ఇలాంటి ప్రశ్నలతోనే.

"ప్యాకెట్టు తేగానే డబ్బాలో పోస్తాం. మా ఇంట్లో అలవాటు."

"ఉత్తరంలో డబ్బా అని రాశారా?"

"లేదు."

వంటింట్లోంచి మరదలు వచ్చింది. వారానికోసారి కూర తెచ్చి, బావగారిని నాలుగు దులిపి వెళ్లడం ఆమె ఆనవాయితీ. బల్ల మీది నకలు చూసి ఆగిపోయింది.

"ఇది మా అక్క మర కదూ! ఈ నొక్కు నేను పంటితో లాగితే పడింది. పోయిందని అక్క రెండు నెలలు ఇల్లంతా వెతికింది. డబ్బా మడతలో ఇరుక్కుందన్నమాట. అప్పుడు మీరేమన్నారో గుర్తుందా? మర లేకపోతే చెవి ఊడిపోతుందా అన్నారు. నొక్కుతో సహా గీశారే బావగారూ, పోల్చుకోలేకపోయారా?"

మాస్టారు పటం వైపు చూశారు. బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"లేదు" అన్నారు.

ముందు తేరుకున్నది వచ్చినావిడే. "ఆ ముక్కేదో రాసివ్వండి సార్."

ఆయన రాశారు. ఈసారి మూడు పేజీలు కాదు, మూడు వాక్యాలు. సోమవారం బడికి సెలవు పెట్టి, కాగితం పట్టుకుని ఆమెతో ఫ్యాక్టరీకి వెళ్లారు. చదివి అధికారి తెల్లబోయాడు.

"ఇప్పుడు ప్యాకెట్టు కాదంటే ఎలా సార్? మీ మాట గోడలన్నిటికీ రాయించాం! మేనేజరుగారు క్యాలెండరు కూడా వేయించారు!"

"కారణం కావాలన్నాను. కారణం నేనే."

"నిన్నటిదాకా నేను" అంది ఆవిడ.

ఆమెని పనిలోకి తీసుకున్నారు. చెవుల తనిఖీ ఎత్తేస్తే పరువు పోతుందని, దాన్ని ఆమెకే అప్పగించారు. మొదటి రోజునే ఆమె అధికారిని వెలుతురులోకి పిలిచి, రెండు చెవులూ చూసి, డాక్టరు దగ్గరికి పంపింది.

అగ్గిపెట్టె తిరిగివ్వడానికి మాత్రం ఫ్యాక్టరీలో ఒక ఫారం ఉంది. "వస్తువు ఎవరిదో వాళ్లే సంతకం చేయాలి సార్" అన్నాడు అధికారి. మాస్టారు వాదించలేదు. ఫారం ఇంటికి తెచ్చుకుని, పన్నెండు గళ్లలో పదకొండు ఆ సాయంత్రమే నింపారు. పన్నెండోది, సంతకానిది, ఇంకా నింపలేదు.