‘చూద్దాం’: అర్థ నిర్ణయం

ప్రజలు వాడే ప్రతి మాటకూ ఒక అర్థం ఉండి తీరాలని సంకల్పించి, ఆ ఊళ్లో మహాకోశ కార్యాలయాన్ని నెలకొల్పిన పెద్దలు ఎంతటి దూరదృష్టి గలవారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను పట్టుకుని నిలబడ్డ పాపాయి ఇప్పుడు అమ్మమ్మ అయింది. కోశం ‘చ’ దాకా వచ్చింది. భాష సున్నితమైనది, తొందరపడితే దెబ్బ తగులుతుంది. ‘అ’ మొదలుపెట్టిన మహానుభావులంతా ‘అలసట’ దగ్గర పదవీ విరమణ చేశారు.

ఆ కార్యాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర, జిగురు సీసాకూ చీటీల పెట్టెకూ మధ్య కూర్చునే మనిషిని అందరూ తాత్కాలికంగారు అంటారు. ఆయన ఉద్యోగం తాత్కాలిక ఉపసంపాదకత్వం. పిలవడానికి మరీ పొడుగైందని మొదట ఉపసంపాదకత్వాన్ని వదిలేశారు, తర్వాత కన్నవాళ్లు పెట్టిన పేరునూ వదిలేశారు. తనను పర్మనెంటు చేస్తే, బావమరిది ఇంట్లో తాము ఉంటున్న మేడమీది గది ఖాళీ చేసి వేరే కాపురం పెట్టాలని ఆయన ఆశ. ఆయన భార్యకూ అదే ఆశ. బావమరిదికైతే గంపెడాశ.

అందుకే ఏటా ఒకసారి ఆయన ప్రధాన సంపాదకుల గదిలోకి వెళ్లి, చేతులు కట్టుకుని, తన సంగతి విన్నవించుకుంటారు. వారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని “చూద్దాం” అంటారు. ఆ ఒక్క మాటను మూటగట్టుకుని ఆయన ఇంటికి పరుగెత్తుతారు.

“చూద్దాం అన్నారే!”

“పోయినేడూ అదే అన్నారు కదండీ,” అంది భార్య, దుప్పటి మడతపెడుతూ.

“పోయినేడు ఉత్త ‘చూద్దాం’. ఈసారి ‘చూద్దాంలే’ అన్నారు. ‘లే’ చేరింది. ఊరికే చేరుతుందా?”

“చేరదు. గది సంగతి మా తమ్ముడు అడిగినప్పుడల్లా మీరు చేర్చేది కూడా ఆ ‘లే’నే.”

ఆవిడకు వ్యాకరణం రాదు కాబట్టి ఆయన ఏమీ అనుకోలేదు.

ఇంతలో చకార సంపుటి పని మొదలైంది. ప్రతి అక్షరానికీ చేసే ప్రసంగాన్నే ప్రధాన సంపాదకులు దీనికీ చేశారు. “మిత్రులారా! మాటకు అర్థం పాత పుస్తకాల్లో లేదు, ప్రజల నోట్లో ఉంది! మాట అన్నాక ఏం జరుగుతుందో అదే ఆ మాటకు అర్థం! నడవండి వీధుల్లోకి! పదసంపదే మన సంపద! మిగతా సంపదల సంగతి మిగతా శాఖలు చూసుకుంటాయి!” చప్పట్లు మిన్నంటాయి. అందరూ ఎవరి కుర్చీల్లో వారు కూర్చున్నాక, వీధుల్లోకి నడిచే గౌరవాన్ని ఆనవాయితీ ప్రకారం తాత్కాలికంగారికి అప్పగించారు. కార్యాలయానికి నిబంధన ఒక్కటే. ఏ అర్థమైనా కోశంలోకి ఎక్కాలంటే దానికి ఒక్క నిజమైన ప్రయోగం దొరకాలి.

ఆయన నడిచారు. దర్జీ కొట్లో నిలబడి ‘చిటికెలో’ అనే మాటకు ‘బట్ట ఇంకా కత్తిరించలేదు’ అని రాసుకున్నారు. భోజనాల దగ్గర ‘చాలు’ అంటే ‘ఇంకొంచెం’ అని తేలింది. పెట్టే బేడా, పరుపూ దిండుతో దిగడాన్ని ‘చుట్టపుచూపు’ అంటారనీ, గంటసేపు పట్టేదాన్ని ‘చిన్నమాట’ అంటారనీ, తలెత్తి చూడకుండా భార్యతో అనేది ‘చక్కగా ఉంది’ అనీ ఆధారాలతో సహా నిరూపించారు. చీటీలు చదివిన ప్రధాన సంపాదకులు ఆనందంతో బల్ల చరిచి, పక్కనున్న పర్మనెంటు ఉద్యోగులను అభినందించారు.

ఆ ఊపులో వెళ్తూ వెళ్తూ ఆయన కలం ‘చూద్దాం’ దగ్గర ఆగింది.

రాయడానికి చేయి రాలేదు. భయం వేసింది. మిగతా మాటలన్నీ ఊరందరివి, ఇది మాత్రం తన నెత్తిన ఉన్నది. ‘సరే’ అనే అర్థంలో దీనికి ఎక్కడో ఒక్క ప్రయోగం దొరికితే తన ఆశకు కోశంలో చోటు దొరికినట్టే. దాని కోసం ఆయన కాళ్లరిగేలా తిరిగారు. బ్యాంకు కిటికీల దగ్గర, బడిలో సీటు కోసం తల్లిదండ్రులు నిలబడే వరండాల్లో, ఇంటాయన పంచలో కుళాయి బాగుచేయించమని బతిమాలే అద్దెవాళ్ల వెనక చెవులు రిక్కించి నిలబడ్డారు. మాట బోలెడన్నిసార్లు వినిపించింది. పని మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఒక కుర్రజంట “సినిమా చూద్దాం” అనుకుని నిజంగానే హాల్లోకి వెళ్లింది. ఆయన ఎగిరి గంతేసి చీటీ సమర్పించారు. అది కంటితో చూచుట, మనకు కావలసింది అడిగిన పని సంగతి చూచుట, అని కార్యాలయంలో తిరస్కరించారు. ఇంకో సాయంత్రం ఒక పసిది “బొమ్మ కొంటావా అమ్మా?” అంటే తల్లి “చూద్దాం” అంది. ఆయన వీధి చివరిదాకా వాళ్ల వెంటే నడిచారు. బొమ్మల కొట్టు దాటిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కోశం అచ్చు కాకముందే దానికి అర్థం తెలిసిపోయిందే అని ఆయనకు గుండె చివుక్కుమంది.

ఆ తిరుగుడులోనే పన్ను నొప్పి పట్టుకుంది. పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి, కుర్చీలో వెనక్కి వాలి అడిగారు. “పీకాల్సిందేనా డాక్టరుగారూ?”

“చూద్దాం, నోరు తెరవండి.”

నోరు మూసుకునేసరికి లోపల ఒకటి తక్కువైంది. నోట్లో దూది, కళ్లలో నీళ్లు, అయినా తాత్కాలికంగారి ముఖం వెలిగిపోయింది.

“మీరు ‘చూద్దాం’ అన్నారు! అని, చేశారు!”

“చేశాను. ఏమైంది?”

“ఈ చీటీ మీద సంతకం పెట్టండి!”

మత్తు ఎక్కువైనట్టుంది, కాసేపు బయట బల్ల మీద కూర్చోబెట్టమని డాక్టరు నర్సుకు చెప్పారు. ఆ బల్ల మీద కూర్చునే ఆయన అర్థం పూర్తిచేశారు. ‘చూద్దాం: క్రియ. అడిగినవారికి మేలు జరిగేదైతే, కాదు. కీడు జరిగేదైతే, అవును.’ రెండుసార్లు చదువుకున్నారు. తన ఉద్యోగం ఏ పాదంలోకి వస్తుందో తెలిసి దుఃఖం వచ్చింది. వాక్యం మాత్రం ఎంత బాగా కుదిరిందో అని సంతోషమూ వచ్చింది. చివరికి సంతోషమే గెలిచింది.

సంపుటి ఆవిష్కరణకు సభ కిక్కిరిసింది. ప్రధాన సంపాదకులు ఆ అర్థాన్ని గొంతెత్తి చదివి, “ఇది మన కోశానికే మణిపూస! ఇకమీదట ఈ మాటతో ఎవరినీ ఎవరూ మోసగించలేరు!” అన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనుకుని తాత్కాలికంగారు వేదిక ముందుకొచ్చి చేతులు కట్టుకున్నారు.

“అయ్యా, మరి నా పర్మనెంటు సంగతి?”

ప్రధాన సంపాదకులు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, “చూ...” అని ఆగిపోయారు. సభలో అందరి చేతుల్లోనూ సంపుటి ఉంది. కొందరు ఆ పేజీ మీదే వేలు పెట్టుకున్నారు. “ఆలోచి...” అన్నారు. అది మొదటి సంపుటిలోనే ఉంది, ‘మరిచిపోదాం’ అని. “కబురు...” అన్నారు. కకారం అచ్చయి ఎన్నాళ్లో అయింది. ముచ్చెమటలు పట్టాయి. అంతటి పండితుడికి మాట దొరక్కపోవడం జనం ఎన్నడూ చూడలేదు. చివరికి జీవితమంతా కూడబెట్టిన పదసంపద వారిని ఆదుకుంది.

“రేపు రండి,” అన్నారు.

సభ ఊపిరి పీల్చుకుంది. ‘ర’ దాకా కోశం రావడానికి ఇంకో రెండు తరాలైనా పడుతుంది. ఇన్నేసి మాటలు భాషకు ఎందుకని బడిపిల్లలు విసుక్కుంటారు గానీ, ఒక మాట దొరికిపోతే తలదాచుకోవడానికి ఇంకో మాట ఉండొద్దూ? ఆ రాత్రికే ఊరంతా ‘చ’ ఖాళీ చేసి కొత్త అక్షరాల్లోకి మారిపోయింది.

తాత్కాలికంగారు ఇంటికొచ్చి, “రేపు రమ్మన్నారే!” అన్నారు.

“రేపంటే?”

“అదింకా నిర్ణయించలేదు.”

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఇలా కూర్చుంటే లాభం లేదు, నలుగురు పెద్దమనుషుల చేత చెప్పించుకోండి అంది. అప్పటినుంచి ఆయన సిఫార్సు కోసం ఇంటింటికీ తిరుగుతున్నారు. ఇవాళో రేపో మీ గుమ్మమూ ఎక్కుతారు. మీరు జాలిగుండె గలవారు. కూర్చోబెడతారు, మంచినీళ్లిస్తారు, పాపం అంటూ మొత్తం వింటారు. ఆ తర్వాత చెప్పాల్సిన జవాబు మాత్రం ‘జ’ మొదలుకొని ఎక్కడైనా వెతుక్కోండి. అంతకుముందువన్నీ అచ్చయిపోయాయి.