పదిహేడో నంబరు

"పదిహేడు!"

టీచర్ మూడోసారి పిలిచింది. పప్పుల అరల దగ్గర బారుగా నిలబడ్డ రెండో తరగతి పిల్లల్లో ఎవరూ పలకలేదు. పదహారు పలికాడు, పద్దెనిమిది పలికింది. మధ్యలో పదిహేడు లేదు. తలలు లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. రావలసింది ఇరవై అయిదు.

ఆమె సూపర్ మార్కెట్ అరల సందుల్లోకి ఒక్కొక్కటిగా తొంగి చూసింది.

నిజానికి ఈ పిల్లలు ఆమె పిల్లలు కారు. వీళ్ళ టీచర్‌కు జ్వరం రావడంతో, బడిలో చేరి పదకొండు రోజులైన ఈమెకు పొద్దున్నే ఈ పని అంటగట్టారు. బస్సు ఎక్కేటప్పుడు పెద్ద మేడమ్ స్వయంగా రిజిస్టరు చూసుకుంటూ ఒక్కొక్కరి చొక్కాకు నంబరు స్టిక్కరు అంటించింది. "ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా. అందరూ క్షేమంగా తిరిగొస్తే నీ ఉద్యోగం సంగతి మాట్లాడదాం. లేకపోతే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు" అంది.

"పదిహేడు ఎవర్రా?" టీచర్ వణుకుతూ అడిగింది.

"సుద్దముక్కది టీచర్!" పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

"ఎవరూ?"

"సుద్దముక్కలు తింటాడు కదా, వాడు!" అంది నాలుగో నంబరు, రెండు జడల పిల్ల.

"వాణ్ణి ఆఖరిసారి ఎక్కడ చూశావమ్మా?"

"వ్యాన్‌లో టీచర్. లావుపాటాయన ఎత్తి ఎక్కించాడు. వాడు ఒకటే ఏడుపు. ఇంకా..."

ఆ "ఇంకా" ఎవరికీ వినపడలేదు. టీచర్ కందిపప్పు బస్తా మీద కూలబడింది.

మేనేజర్ పరుగున వచ్చాడు. పిల్లలకు కూరగాయల తూకం, ధరల చీటీలు చూపించి మంచి పేరు తెచ్చుకుందామనుకున్న మనిషి, విషయం వినగానే తెల్లబోయాడు. "ఇరవై అయిదు మందీ లోపలికొచ్చారు మేడమ్. లెక్కపెట్టి ఇరవై అయిదు బిస్కెట్ పొట్లాలు ఇచ్చాను. ఒక్కటి మిగల్లేదు!"

ఉన్న కాస్త ఆశా అడుగంటింది. వచ్చిన పిల్లాడే పోయాడన్నమాట.

"షట్టర్లు దించండి!" అన్నాడు మేనేజర్.

షట్టర్లు దిగాయి. లోపల ఉన్నవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు. ఇక సాక్షులకు కొదవేముంది? సబ్బుల దగ్గరి ఒకావిడ పిల్లాణ్ణి కళ్ళారా చూశానంది. తోపుడుబండి పట్టుకున్న పెద్దాయన వాడికి నీలం టోపీ ఉందన్నాడు. సెక్యూరిటీ తాత ఏకంగా లావుపాటాయన్నే పట్టుకొచ్చాడు. పాపం, ఆయన పెరుగు కొనుక్కోవడానికి వచ్చాడు.

"నాకసలు వ్యాన్ నడపడమే రాదండీ బాబూ!" ఆయన మొత్తుకుంటున్నాడు.

టీచర్ కౌంటరు దగ్గరికెళ్ళి బడికి ఫోన్ చేసింది. "పదిహేడు పోయాడా? నేను నా చేత్తో అంటించానే! కదలకు, వస్తున్నా!" అని పెద్ద మేడమ్ ఫోన్ పెట్టేసింది.

స్నేహితురాలి గొంతు వింటే దాక్కున్నవాడు బయటికొస్తాడేమోనని మేనేజర్ నాలుగో నంబరును కౌంటరు మీద కూర్చోబెట్టి, చేతికి మైకు ఇచ్చాడు. "సుద్దముక్కా, ఎక్కడున్నా రారా! టీచర్ ఏడుస్తోంది!" అని ఆ పిల్ల గొంతు కొట్టంతా మోగింది. అది విని టీచర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. రుమాలు కోసం సంచీ తెరిచింది. రుమాలు కింద విప్పని బిస్కెట్ పొట్లం ఉంది. దాన్ని ఎప్పుడు పుచ్చుకుందో ఆమెకే గుర్తులేదు. మేనేజర్ లెక్కలోని ఇరవై అయిదో పొట్లం ఇదేనా అనుకుంటూ పిల్లల వైపు తిరిగింది.

షట్టరు నడుమెత్తు లేచింది. పెద్ద మేడమ్ వంగి లోపలికొచ్చింది. చిత్తుకాగితం కూడా పారేయని పొదుపరి ఆవిడ. వాడిన కవర్లు తిరగేసి ఉత్తరాలు రాస్తుంది. చేతిసంచీ కొక్కెం ఊడి ఏడాదయినా అతుకులతోనే లాక్కొస్తోంది.

"ఎవరి తప్పిది? అందరూ వినేలా చెప్పాలి!" అని గర్జించింది.

"టీచర్! పదిహేడు దొరికింది!" మైకులో నాలుగో నంబరు కేక. "మేడమ్ సంచీకి ఉంది!"

అందరూ తిరిగి చూశారు. చేతిసంచీ ఊడిన కొక్కెం మీద అడ్డంగా, నున్నగా అతికించిన స్టిక్కరు. పదిహేడు.

"మరి... ఆ పిల్లాడు?" టీచర్ గొణిగింది.

"వాడు పోయిన నెలే బడి మారిపోయాడు కదా టీచర్! లావుగా ఉంటాడే, వాళ్ళ నాన్న, ఆయనే వ్యాన్‌లో ఎక్కించాడు. ఇంకా మంచం, బీరువా కూడా ఎక్కించారని చెబుతూనే ఉన్నా. మీరెవరూ వినిపించుకోలేదు."

పెద్ద మేడమ్ ముఖం మాడిన అట్టులా అయింది. రిజిస్టరులో పదిహేడో నంబరు దగ్గర కొట్టేసిన పేరు, చేతిలో మిగిలిపోయిన స్టిక్కరు, పారేయడానికి ఒప్పని మనసు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. గబగబా టీచర్ దగ్గరికొచ్చి చెవిలో గుసగుసలాడింది.

"రేపట్నుంచి నీ ఉద్యోగం పర్మినెంటు. ఈ మాట ఇక్కడితో వదిలెయ్."

టీచర్ చెవికి జానెడు దూరంలోనే నాలుగో నంబరు చేతిలో మైకు ఉంది. ఆ గుసగుస కూరగాయల నుంచి సబ్బుల దాకా స్పష్టంగా వినిపించింది.

షట్టర్లు లేచాయి. పెరుగు కొనడానికి వచ్చిన లావుపాటాయన వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఇంతకీ తప్పెవరిదమ్మా?"

పదకొండు రోజుల్లో మొదటిసారి టీచర్ గొంతు వణకలేదు.

"పదిహేడో నంబరుదండీ."