ఫైరింజన్ తిరిగిన జాగ

కోడికూర వాసన తగలందే మున్సిపాలిటీ ప్లానింగు సారు ఏ జాగ మొహమూ చూడడట. వనస్థలిపురంలో ఎవరో పక్కింటి అండాలమ్మకు చెప్పారట. అండాలమ్మ మల్లమ్మకు చెప్పింది. మల్లమ్మ మొగుడు ఆనందం చెవిన పడేసరికి, పొద్దున్నే కోడి గంప కింద ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే ఆనందం, మరో మూడు కుటుంబాలతో కలిసి ఎల్బీనగర్ వెనక జాగ కొన్నాడు. అందరివీ కిరాయి బతుకులే. ఇల్లు లేవాలంటే ప్లాను పాసవ్వాలి. "సందులో ఫైరింజన్ తిరగదు" అని సారు దాన్ని తిప్పి పంపుతూనే ఉన్నాడు. చివరికి ఇవాళ స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఈలోపు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది.

"సమ్మె ఆఫీసుల గదా, మన జాగలనా?" అని ఆనందం కొట్టిపారేశాడు.

హద్దులు కనబడాలని నాలుగు మూలలా కర్రలు పాతి నూలు చుట్టాడు. పోచంపల్లి మగ్గాల నుంచి వచ్చినవాడింట్లో నూలుకు కరువా? చేతికందింది గులాబీ రంగు. మల్లమ్మ మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది.

ఉద్యమకారులు రోడ్ల మీదే వంటావార్పూ పెట్టి నిరసన తెలుపుతున్న రోజులవి. ఉద్యమ జెండా రంగైన గులాబీ నూలు, ఆరుబయట పొయ్యి చూసి ఒక ఆటో ఆగింది.

"ఏందన్నా, గీడ వంటావార్పు పెట్టి మాకు చెప్పకపోతివి!"

"గది గాదు తమ్మీ, గిది మా..." అనేలోపే డప్పు దిగింది. డప్పు వెంట జనం, జనం వెంట బియ్యం వచ్చాయి. "ఒక్క కోడితోని ఎట్లయితదమ్మా?" అని ఎవరో పెద్ద గంజును పొయ్యి మీదికి ఎక్కించారు. ఇక కాదనలేక ఆనందం కూడా జై తెలంగాణ అన్నాడు. ఆ మాట మాత్రం మనసారానే అన్నాడు.

అప్పుడే నాలుగో వాటాదారు, గుంటూరు లెక్చరర్ భానుమూర్తి, మలుపులో ఆటో దిగాడు. పచ్చికట్టెల పొగ కనబడింది, కేకలు వినబడ్డాయి. వెంటనే ఫోను తీశాడు. గణగణమంటూ ఫైరింజన్ వచ్చింది. సందులో దూరి, పొయ్యిని చూసి, జాగ ముందరే గిర్రున తిరిగి నిలబడింది. దిగినవాళ్లు చేతులు కడుక్కుని భోజనాల బంతిలో కూర్చున్నారు.

"మన జాగ తగలబడిపోతోందనుకున్నానండీ!" రొప్పుతూ అన్నాడు భానుమూర్తి.

"ఖాళీ జాగల కాలిపోనీకి ఏమున్నది సారూ, మన్ను తప్ప?" అంది మల్లమ్మ.

బంతి చివర ఒకాయన తలెత్తాడు. ప్లానింగు సారే! "వంటావార్పంటే ఒచ్చిన. గిది మీ జాగనా?" అని ఫైరింజన్ వైపు చూశాడు. "మంచిగ తిరిగింది. నా కండ్లతోని చూసిన. ఇగ మీ ప్లానుకు అడ్డం లేదు."

ఆనందం కళ్లు చెమర్చాయి. గబగబా కాగితం, పెన్నూ ముందు పెట్టాడు.

"సంతకమా? నేను సమ్మెల ఉన్న గదా. తెలంగాణ రాంగనె మొదటి సంతకం మీదే," అంటూ సారు విస్తరి ముందుకు జరిపాడు. "అమ్మా, ఇంకో రెండు ముక్కలెయ్యి."

మల్లమ్మ గంటె గంజులోనే వదిలేసింది.

"నా గంటె గూడ సమ్మెల ఉన్నది సారూ. తెలంగాణ రాంగనె మొదటి ముక్క మీకే."