అరవై దాటిన కండ

“దేశ భవిష్యత్తు దండచేతుల్లో ఉంది!” అని పందొమ్మిది వందల అరవై ఏడు ఆగస్టులో మా పంచాయతీ సమితి ఆఫీసు మెట్ల మీద నిలబడి గణపతిరావుగారు ప్రకటించారు. ఆయన మా ఆఫీసరు, నేను ఆయన గుమాస్తాను. అప్పటిదాకా మెడలో వేసే దండలే తప్ప చేతికండని కూడా దండంటారని ఎరగని మేమందరం చప్పట్లు కొట్టాం.

ఆ వారమే కండ పెంపు పథకం మొదలైంది. పిల్లలకు పాలపొడి, పడుచువాళ్లకు దండీలూ బస్కీలూ, నడివయసువాళ్లకు నడక. ఆయన నడక జీపులో సాగేది. అరవై దాటినవాళ్లకు కండ నిలవదని ఆయన ఏదో పుస్తకంలో చదివారు. కనుక వాళ్లకు మాంసకృత్తుల కోసం రోజుకో గుడ్డు, ఆపైన సంపూర్ణ విశ్రాంతి. విశ్రాంతి అంటే రోడ్డు పని జాబితాలోంచి పేర్లు కొట్టెయ్యడం. కొట్టేసింది నేనే. స్కేలు పెట్టి మరీ గీశాను.

మర్నాడు దాలమ్మ వచ్చింది. అరవై ఆరేళ్లది, ఒంటరిది. రోడ్డుకి కంకర మొయ్యకపోతే ఆమె పొయ్యి వెలగదు.

“ఏటి బాబూ, నాకు కండ నేదని ఎవులు సెప్పినారు?”

సర్క్యులర్ చదివి వినిపించాను. అరవై దాటితే కండ ఉండటానికి వీల్లేదన్నాను. ఆమె చెయ్యి మడిచి బల్ల మీద పెట్టింది. కొబ్బరికాయంత కండ లేచింది. నిబంధనల ప్రకారం నేను దాన్ని చూడలేదు.

నెల తిరక్కుండా జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. నలభై ఎనిమిదేళ్ల కండ ఎలా ఉండాలో చూపిస్తానని గణపతిరావుగారు బనీనుతో వేదికెక్కి, కుర్రాళ్లు పందేలకు ఎత్తే సంగిడి రాయి మీదికి వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు. అదీ ఒక ఆసనమే అనుకుని చప్పట్లు కొట్టాం. నడుం పట్టేసిందని ఆయన మూలిగాక ఆపాం.

జీపు డ్రైవరు పెద్ద అధికారికి సోడా తేవడానికి వెళ్లాడు. పడుచువాళ్లు రోజూ తీసిన దండీలతో చేతులు పైకెత్తలేకపోతున్నారు. నేనేమో గుమాస్తాని. ఆఖరికి విశ్రాంతి తీసుకుంటున్న ముసలివాళ్లలోంచి దాలమ్మ లేచింది. కొంగు బిగించి, ఆయన్ని గడ్డిమోపులా భుజాన వేసుకుని, ఫర్లాంగు దూరంలోని ఆస్పత్రికి బయలుదేరింది. వెనకాలే పెద్ద అధికారీ, మేమూ ఊరేగింపుగా నడిచాం.

గణపతిరావుగారు తలకిందులుగా వేలాడుతూ కూడా కర్తవ్యం మరవలేదు. ఇదంతా గుడ్డు ప్రభావమేనని పై అధికారికి విన్నవించుకున్నారు. ఆయన ముచ్చటపడి, రోజుకెన్ని తింటున్నావని దాలమ్మని అడిగారు.

“నాను సోడంబలి, అదే మీ రాగంబలి, తాగుతాను, ఉలవలు ఉడకేసుకుంతాను బాబూ,” అంది దాలమ్మ నడక ఆపకుండా. “గుడ్లు మా కోళ్లయ్యే. పదకానికని ఈ బాబు బంట్రోతు రోజూ అట్టుకెళ్లిపోతన్నాడు. నాకొక్కటీ రానేదు.”

ఉల్లిపాయ కూడా ముట్టరని గణపతిరావుగారికి ఊళ్లో పేరు. మరి ఆ గుడ్లన్నీ ఏమయ్యాయని పెద్ద అధికారి అడిగారు. దాలమ్మ భుజం మీది బరువు సర్దుకుంది.

“ఆటిని నానే మోస్తన్నాను కదా బాబూ.”

ఆమె పేరు మళ్లీ జాబితాలో రాయమని ఆస్పత్రి గుమ్మంలోనే ఉత్తర్వయింది. సోమవారం నుంచి దాలమ్మ కంకర తట్ట ఎత్తుకుంది. గణపతిరావుగారి మీద విచారణ జరిగింది. గుడ్ల సంగతి నాకేమీ తెలియదని నేను రాతపూర్వకంగా ఇచ్చాను. ఆఫీసరుగారింటి గుడ్డట్టులో కారం కొంచెం ఎక్కువన్న సంగతి మాత్రం అందులో రాయలేదు.