రాక్షసికి కట్టిన చీర

ఆ ఆదివారానికి జగన్నాథ మేష్టారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నరకు పాలారు ఒడ్డున జనం చేరాలి. పదింటికి తాలూకా ఆఫీసు అధికారి రావాలి. ఇసుకలో నిలబెట్టిన ప్లాస్టిక్ రాక్షసిని చూసి అందరూ భయపడాలి. ఆ భయం తగ్గకముందే నలభై నిమిషాల ఉపన్యాసం, ఆ తర్వాత ఉప్మా, అక్కడి మాటలో ఉప్పిట్టు. ఉప్పిట్టును ఆకు దొన్నెల్లోనే పెట్టాలని భార్య జలజకు ఆయన మూడుసార్లు చెప్పారు. మూడోసారికి ఆమె దొన్నెల కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

మేష్టారు కేజీఎఫ్‌లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పారు. అక్కడి బంగారు గనులు మూతపడ్డాక పిల్లలు తగ్గుతూ వచ్చి చివరికి బడీ మూతపడింది. ఆయన బేతమంగళం దగ్గరున్న సొంత ఊరికి వచ్చేశారు. పిల్లలు లేకపోయినా పాఠం చెప్పే అలవాటు పోలేదు. అలాంటి సమయంలో పాలారు ఆయన కంటపడింది. పదేళ్లుగా ఆ ఏట్లో నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. పాల కవర్లు, షాంపూ పొట్లాలు, నూనె డబ్బాలు, నీళ్ల సీసాలు. రెండు నెలలు వంగి వంగి ఆయన అవన్నీ ఏరి, గోతాల్లో ఇంటికి మోశారు. గుడ్డ సంచీ వాడండని ఊరంతా తిరిగి చెప్పి, తన గుడ్డ సంచీని మాత్రం గోడ మేకుకే మరిచిపోయే మనిషి ఆయన.

"ఈ ఏట్లో నుంచి తీసిన కవరు ఒక్కటి కూడా మళ్లీ ఏట్లోకి పోదు. ఇది నా మాట," అని పాల డెయిరీ దగ్గర అందరి ముందూ చెప్పారు. సోమవారం తమక ఊళ్లోని ప్లాస్టిక్ కార్ఖానా నుంచి లారీ వచ్చి మొత్తం కరిగించడానికి తీసుకుపోయేలా ఏర్పాటు కూడా చేసుకున్నారు.

జలజ కూడా ఒక మాట చెప్పింది. "ఆదివారం అయినాక ఈ చెత్తలో ఒక్క సీసా కూడా నా ఇంట్లో ఉండకూడదు. రెండు నెలలుగా పెరట్లో బట్టలు ఆరేసే జాగా లేదు నాకు."

రాక్షసి ఒంటికి చట్రం కావాలి. ఊరి పెద్ద దొడ్డమునియప్ప పట్టుపురుగులు పెంచే మనిషి. పురుగులు గూళ్లు కట్టే పెద్ద వెదురు తట్టలు, చంద్రికెలు, పాతవి నాలుగు ఇచ్చాడు. చంద్రికె గడప దాటితే పసుపు కుంకుమ పెట్టి పంపడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. నాలుగింటికీ దండిగా పెట్టాడు. మేష్టారు వాటిని నిలువుగా కట్టి, లోపల ఏరిన సీసాలు, కవర్లు అన్నీ కుక్కి, ఎర్ర బకెట్టు ముక్కతో నాలుక చేసి, డబ్బా మూతలతో కళ్లు పెట్టారు. ఎనిమిది అడుగుల ఆడ రాక్షసి తయారైంది.

జలజ దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఆడరూపం చేసినారు. ఒంటిమీద గుడ్డ లేకుండా అట్లే నిలబెడతారా ఊరి ముందర?"

"రాక్షసికి చీర ఎందుకు జలజా?"

"రాక్షసి అయితే మాత్రం? నాకు సిగ్గుగా ఉండాది." పెట్టెలోనుంచి పాత పసుపు చీర తెచ్చి, కుచ్చెళ్లు సరిచేసి మరీ కట్టింది. శనివారం సాయంత్రం రాక్షసిని ఎడ్లబండి మీద తీసుకుపోయి ఏటి నడుమ ఇసుకలో పాతారు.

ఆ రాత్రి పైన ఎక్కడో గట్టిగా వాన కురిసింది. తెల్లవారేసరికి, పదేళ్ల తర్వాత, పాలారు వచ్చింది.

దాన్ని మొదట చూసింది మునివెంకటమ్మ. పాల క్యాను నెత్తిన పెట్టుకుని డెయిరీకి పోతూ ఏటివైపు చూస్తే, మోకాలి లోతు కొత్త నీళ్లలో పసుపు చీర కట్టుకుని, పసుపు కుంకుమలతో, ఎర్రటి నాలుక చాపి ఎవరో నిలబడి ఉన్నారు. ఆమె క్యాను దించి, అక్కడే సాష్టాంగపడింది.

బ్యానరు చంకన పెట్టుకుని మేష్టారు తొమ్మిదిన్నరకు వచ్చేసరికి రెండు వందల మంది ఉన్నారు. ఇంత జనాన్ని చూసి ఆయన సంతోషపడ్డారు. టెంకాయలు కొడుతున్న చప్పుడు విని ఆ సంతోషం కొంచెం తగ్గింది.

"మేష్ట్రూ, గంగమ్మ వచ్చినాది," అంది మునివెంకటమ్మ. "ఏరు కూడా తోడు తెచ్చుకోని వచ్చినాది."

"అది గంగమ్మ కాదమ్మా, రాక్షసి. నేనే చేసినాను."

"నీ చేత చేయించుకునిందా? ఏం పుణ్యం చేసినావప్పా."

"నా మాట వినండి. దాని కడుపులో ఏముండాదో తెలుసునా? మీరందరూ పారేసిన కవర్లు."

మునివెంకటమ్మ జనంవైపు తిరిగింది. "విన్నారా? మనం చేసిన తప్పులన్నీ అమ్మ కడుపులో పెట్టుకోని ఉండాదంట." ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. రాక్షసి అన్నందుకు మేష్టారి చేత కూడా వేయించారు.

అన్నిటికన్నా ఆయనను బాధపెట్టింది వేరే సంగతి. పూలు, కర్పూరం, అరటిపండ్లు అన్నీ ప్లాస్టిక్ కవర్లలోనే వచ్చాయి. అమ్మకు సమర్పించాక ఆ కవర్లు గాలికి నీళ్లవైపే నడిచాయి. మేష్టారు ఒక్కొక్కటీ పరుగెత్తి పట్టుకుని జేబుల్లో కుక్కుకున్నారు. పదింటికల్లా ఆయన చొక్కా జేబులు, ప్యాంటు జేబులు ఉబ్బిపోయాయి.

అధికారి వచ్చాడు. జనాన్ని చూసి, జీపులోనే బూట్లు వదిలి వచ్చి దండం పెట్టాడు. "మేము ర్యాలీ పెడితే పన్నెండు మంది వస్తారు, మేష్ట్రూ. అందులో ఎనిమిది మంది మా ఆఫీసువాళ్లే. జాగృతి అంటే ఇదీ," అన్నాడు. డ్రైవరు తెచ్చిన టెంకాయ కొట్టి, ఫోటో దిగి, వెళ్లిపోయాడు. ఆ టెంకాయ వచ్చిన కవరును కూడా మేష్టారే పట్టుకున్నారు.

అప్పుడు దొడ్డమునియప్ప గొంతు సవరించుకున్నాడు. "మొదటి నీళ్లతో వచ్చిన అమ్మను నిలబెట్టుకోకూడదు. పొద్దు వాలకముందే నడి ఏట్లో సాగనంపల్ల. మా తాత కాలం నుంచీ అదే."

మేష్టారు లెక్క వేసుకున్నారు. రెండు నెలల నడుంనొప్పి, డెయిరీ ముందు ఇచ్చిన మాట, మొత్తం మళ్లీ ఏటి పాలవుతుంది. అది కూడా చీర కట్టుకుని, పలక డప్పుల మోతతో. పాలారు ఇక్కడితో ఆగే ఏరు కాదు. ఆ చెత్తను మూడు రాష్ట్రాలకు పంచిపెడుతుంది.

"నీ చంద్రికెలు పోతాయి, దొడ్డమునియప్పా," అన్నారు, ఇంకేమీ తోచక.

"అమ్మకు ఇచ్చినాను. ఇంగ అడుగుతానా?"

నలుగురు మనుషులు నీళ్లలోకి దిగారు. మేష్టారు వాళ్లకంటే ముందు దిగి, రాక్షసి నడుమును రెండు చేతులా పట్టుకున్నారు. జనం అది భక్తి అనుకున్నారు. ఎవరో ఆయన మెడలో దండ వేశారు. ఆయన ఎంత గట్టిగా పట్టుకుంటే పలకలు అంత గట్టిగా మోగాయి. అరవై రెండేళ్ల మనిషికి ఏడుపు వచ్చేసింది. దాన్ని కూడా జనం భక్తి కిందే జమకట్టారు.

సరిగ్గా అప్పుడే జలజ ఉప్పిట్టు గిన్నెతో ఒడ్డుకు వచ్చింది. ఆమెను చూసి మేష్టారికి మిగిలిన ధైర్యం కూడా పోయింది. పీడ వదిలిందని ఈమె కూడా ఒక చెయ్యి వేస్తుందనుకున్నారు. జలజ గిన్నె కింద పెట్టి, మొగుడి ముఖాన్ని కాసేపు చూసింది. చీర కొంగు నడుముకు దోపి నీళ్లలోకి దిగింది.

"దొడ్డమునియప్పా, ఆ చీర ఎవరిది?"

"నీదే కదమ్మా."

"ఈ అమ్మ పుట్టింది ఎవరింట్లో?"

"మీ ఇంట్లోనే."

"నా ఇంట్లో పుట్టి, నా చీర కట్టుకున్న బిడ్డను ఒడి నింపకుండా ఏట్లోకి తోస్తారా? మీ ఇండ్లల్లో ఆడబిడ్డను ఇట్లనే సాగనంపుతారా?"

పలకలు ఆగిపోయాయి. దొడ్డమునియప్ప తన తాత కాలాన్నంతా మనసులో వెతికాడు. ఆ తాత దీని గురించి ఏమీ చెప్పి పోలేదు.

"న్యాయమే," అంది మునివెంకటమ్మ. "పుట్టింటికి పోవల్సిందే."

"పోతే ఎన్ని దినాలుంటాది?" అన్నాడు దొడ్డమునియప్ప.

"బిడ్డ పుట్టింటికి వస్తే ఎన్ని దినాలుంటావని ఎవరైనా అడుగుతారా?" అంది జలజ.

నీళ్లలోకి దిగిన నలుగురూ రాక్షసిని ఇసుకలోనుంచి పెకలించి భుజాలకెత్తుకున్నారు. ఏ పెరట్లోనుంచి వెళ్లిందో ఆ పెరట్లోకే, పలకల మోతతో, ఊరంతా వెంట నడవగా రాక్షసి తిరిగి వచ్చింది. జలజ గుమ్మంలో హారతి ఇచ్చి, ఒడిలో బియ్యం పోసి, టెంకాయ పెట్టింది.

జనం వెళ్లాక మేష్టారు నెమ్మదిగా అన్నారు. "చెత్త ఒక్క సీసా కూడా ఉండకూడదన్నావు."

"చెత్తను అన్నాను. బిడ్డను అన్నానా?" అంటూ ఆమె తడి దండను ఆయన మెడలోనుంచి తీసింది. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆమె ఆయనకు ఇంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు. ఆ సంగతి చెప్పబోయారు గానీ, జేబుల్లోని కవర్లన్నీ నట్టింట్లో రాలుతున్నాయని ఆమె కసిరింది.

సోమవారం తమక నుంచి లారీ వచ్చింది. డ్రైవరు పెరట్లోకి తొంగిచూసి, చెప్పులు వదిలి, దండం పెట్టుకుని ఖాళీ లారీతో వెళ్లిపోయాడు. శుక్రవారం ఆడవాళ్లు పూజకు వచ్చారు, కవర్లతోనే. ఆ సాయంత్రం జలజ గేటుకు ఒక అట్ట రాసి తగిలించింది. "ప్లాస్టిక్ కవరు తెచ్చినవారు లోపలికి రారాదు. ఇట్లు, అమ్మ." మరుసటి శుక్రవారానికి వెదురు బుట్టలు, గుడ్డ సంచులు వచ్చాయి. డెయిరీలో మునివెంకటమ్మ, పొలాల్లో దొడ్డమునియప్ప అమ్మ ఆజ్ఞను చాటారు. ఏటి ఒడ్డున కవరు కనపడితే జనం తీసి చెంపలు వేసుకుంటున్నారు. మేష్టారి నలభై నిమిషాల ఉపన్యాసం మాత్రం మడత విప్పకుండా అలాగే ఉంది.

ఇంతవరకూ అమ్మ ఆజ్ఞ మీరి గేటు బయట నిలబడవలసి వచ్చింది ఒక్కరే, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టులో కొత్తిమీర కవరులో వేయించుకుని వచ్చిన జగన్నాథ మేష్టారు.