సలహాలకు పెరిగిన మంచం

తుమ్మలమెరకలో ఎవరైనా మంచం చేసుకుంటుంటే, దానికి ఆలోచన చెప్పిన ప్రతి మనిషికీ సరిపడేంత కర్ర దానంతటదే పెరుగుతుంది. పెరిగినమేర పడుకునే హక్కు ఆ చెప్పినవాళ్ళకి ఉంటుంది. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పురపాలక సంఘంలో ఇందుకోసం పడకల విభాగమని ఒకటుంది. అందులో ఒక ఇన్‌స్పెక్టరు, ఒక టేపు, ఒక ఫ్యాను. పైఊరివాళ్ళు వింటే నోరు తెరుస్తారు గానీ, ఇక్కడివాళ్ళకి ఇది వానాకాలంలో కప్పలు అరవడం లాంటిదే.

తాతాజీకి ఈ సంగతి తెలియక కాదు. అతను కుళాయిలు బాగుచేసే మనిషి, చెక్కపని అంతంతమాత్రం. అయినా పెళ్ళినాడు భార్య సత్యవేణికి మాటిచ్చాడు, మన మంచం నా చేతులతోనే చేస్తానని. ఏడాది గడిచింది. ఇద్దరూ చాప మీద, చీమలతో సర్దుకుపోతున్నారు. సత్యవేణి కోరిక కూడా పెద్దదేం కాదు. ఇద్దరికి సరిపడా, ఎత్తు తక్కువగా, కిటికీకి ఆనుకుని ఒక మంచం. తల తిప్పితే ఆకాశం కనబడాలి, చెయ్యి చాపితే మొగుడు తగలాలి. ఈపాటి కోరికకి పురపాలక సంఘం దిగిరావాల్సొస్తుందని ఆవిడ కల్లో కూడా అనుకోలేదు.

"ఎవర్నీ అడగొద్దండి. తలుపులేసుకుని గుట్టుగా చేసేసుకుందాం," అంది.

తాతాజీ వేపకర్ర తెచ్చాడు. గడియ పెట్టి, నమూనాల కోసం ఫోను తెరిచాడు. ఫోనులో మంచాలకి కొదవేముంది? సొరుగుల మంచాలు, మడతమంచాలు, పొద్దున్నే గోడలోకి వెళ్ళిపోయే మంచాలు. ఏదో చలిదేశంలో ఎర్రగడ్డపాయన సొంతంగా చేసుకున్న మంచం దగ్గర వేలు ఆగింది. 'బాగుందే' అనుకున్నాడు. అనుకోవడమే ఆలస్యం, గోడకి చేరేసిన కర్ర కిర్రుమంటూ ఒక మనిషి మేర పెరిగింది. గడ్డపాయన పొడగరి కాబట్టి కాస్త ఎక్కువే పెరిగింది.

రంపం చప్పుడు దాచుకుంటే దాగేది కాదు. ముందుగా ఎదురింటి కనకరత్నం గారు పంచదార కోసం వచ్చారు. నేలమీద చెక్కల్ని చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

"తలవైపు పలక లేకుండా మంచమేంటి నాయనా? రాత్రిపూట తల గోడకి కొట్టుకోదూ?"

కర్ర పెరిగింది. ఆవిడ పంచదార సంగతి మర్చిపోయి, దిండు తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళారు. ఆవిడ వెనకే డ్రాయింగు మాస్టారు గంగరాజు గారొచ్చి, కోళ్ళు గుండ్రంగా చెక్కితే తప్ప మంచానికి అందం రాదన్నారు. నాలుగు కోళ్ళూ బారెడు దూరం జరిగి ఆయనకి చోటిచ్చాయి. సత్యవేణి మేనమామ ఫోనులోనే, తల దక్షిణానికి పెట్టాలని చెప్పి, సాయంత్రం బస్సుకి పరుపుచుట్టతో దిగాడు.

తాతాజీకి కాదనడం రాదు. "వద్దండి" అనే మాట గొంతులో బాగానే బయల్దేరుతుంది. పళ్ళ దాకా వచ్చేసరికి "కూర్చోండి, టీ తాగుదురుగాని" అయిపోతుంది. టీ తాగినవాళ్ళు ఊరికే తాగరు కదా, ఇంకో ఆలోచన కూడా చెబుతారు. రెండో ఆలోచనకి కాళ్ళు బారచాపుకునేంత చోటు అదనం. వారం తిరక్కుండా మంచం మధ్యగోడని తోసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పెరట్లోకి మారింది. నిజం చెప్పాలంటే ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. ఒకరు చిత్రిక పడుతుంటే ఒకరు పట్టె పట్టుకునేవారు, మాస్టారు పద్యాలు పాడేవారు, పకోడీలు వేగుతూనే ఉండేవి. అంత సందడిలో తాతాజీ కూడా తను ఎవరికోసం మొదలుపెట్టాడో ఒకట్రెండుసార్లు మర్చిపోయాడు.

మంచం పూర్తయినరోజు పడకల ఇన్‌స్పెక్టరు సూర్యచంద్రరావు వచ్చాడు. మంచి మనిషి. చెప్పులు బయట విడిచి, మంచమెక్కి, సుద్దముక్కతో గీతలు గీస్తూ ఎవరి చోటు వాళ్ళకి చూపించాడు. గీతలన్నీ అయ్యాక టేపు చుట్టేసుకున్నాడు.

"మరి మేమండీ?" అంది సత్యవేణి.

"మీకు వేరే చోటెందుకమ్మా, మంచమే మీదైతేనూ!"

"నాకూ ఒక ఆలోచనుందండి. ఎత్తు తక్కువగా, కిటికీకి ఆనుకుని..."

అందరూ మాటలాపి కర్ర వంక చూశారు. కర్ర కదల్లేదు. సూర్యచంద్రరావు జాలిగా తలూపాడు.

"ఇంట్లోవాళ్ళ మాట కర్రకి వినపడదమ్మా. ఏ ఇంట్లోనైనా అంతే."

సత్యవేణికి ఏడుపొచ్చింది. తాతాజీకి భార్య మొహం చూడాలంటే సిగ్గేసింది. పంపులు బిగించిన చేతులతో మంచం చివర చూపించాడు.

"ఆ చోటు ఖాళీగానే ఉంది కదండీ? పోనీ, అక్కడ సర్దుకుంటాం."

"భలేవారే! అది ఎర్రగడ్డపాయనది. రేప్పొద్దున ఆయనొచ్చి నా పడకేదంటే నేనేం చెప్పుకోను?"

కనకరత్నం గారు అప్పటికే ఆ చోట ఒక దిండు వేసి, చలిదేశం మనిషి కదా, ఇక్కడ ఉక్కపోస్తుందని ఒక విసనకర్ర కూడా పెట్టారు. మొగుడూ పెళ్ళాం మంచం కింద చాప పరుచుకున్నారు. సూర్యచంద్రరావు చెప్పులు తొడుక్కుంటూ తాతాజీని దగ్గరికి పిలిచాడు.

"దిగులుపడకండి బాబూ. మీరూ ఎక్కడో ఓచోట ఆలోచన చెప్పుకోండి. మా ఇంటి మంచం మీద నేనూ మా ఆవిడా పడుకుని ఎన్నేళ్ళయిందో! మా ఆవిడకి స్కూలు వీధిలో చోటుంది, నాకు పాలకేంద్రం వాళ్ళింట్లో. హాయిగా నిద్రపడుతుంది. ఊరంతా అలాగే కదా పడుకుంటోంది!"

సత్యవేణి ఆ మాటలు విని చాప మీంచి లేచొచ్చింది. మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"చెబితే ఇద్దరం ఒకే ఇంట్లో చెప్పాలండి. పక్కపక్కన నించుని, ఒకేసారి. వేర్వేరు వీధులైతే నావల్ల కాదు."

వీధి చివర కొత్తగా కాపురం పెట్టిన ఫొటోగ్రాఫరు అవినాష్, మంచం కోసం చెక్కలు దింపించాడని తెలిసింది. ఇద్దరూ అరటిపళ్ళు పట్టుకుని ఇంకెవరూ రాకముందే వెళ్ళారు. అవినాష్ వాళ్ళని చూడగానే చెక్కల మీద దుప్పటి కప్పాడు.

"మంచం మరీ ఎత్తుండకూడదు తమ్ముడూ," అన్నాడు తాతాజీ. "కిటికీకి ఆనుకుని ఉండాలి," అంది సత్యవేణి అతనితోపాటే.

సొంతింట్లో ఆమె మాట వినని కర్ర, ఇక్కడ ఆమె నోరు మూసేలోగానే దుప్పటిని తోసుకుని ఇద్దరి మేర పెరిగింది. అవినాష్ ఏదో అనబోయాడు.

"కూర్చోండన్నయ్యా," అన్నాడు చివరికి. "టీ తాగుదురుగాని."

ఆ మంచం పూర్తయిన రోజున సత్యవేణి తన గీతల మధ్య వెల్లకిలా పడుకుంది. తల తిప్పితే ఆకాశం కనబడింది. చెయ్యి చాపితే తాతాజీ తగిలాడు. తను అనుకున్న మంచం అచ్చంగా తను అనుకున్నట్టే ఉంది. ఆ సంతోషానికి ఆమె కళ్ళు చెమర్చాయి. కింద అవినాష్ భార్య హైమ చాప దులుపుతోంది.

"అక్కా," అంది హైమ కిందనుంచి. "నాకూ ఒక ఆలోచనుండేది."

"ఏంటమ్మా?"

"తలవైపు పలకలో చిన్న గూడు. దీపం పెట్టుకుని, పడుకుని పుస్తకం చదువుకోడానికి."

సత్యవేణి మంచం అంచు మీంచి కిందికి వంగింది. ఆ పిల్ల మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఎంత బావుందే! ఇక్కడ చెప్పి పాడుచేసుకోకు. జాగ్రత్తగా దాచుకో. నీళ్ళట్యాంకు పక్కవాళ్ళబ్బాయికి వచ్చే నెల్లో పెళ్ళి. అందరికంటే ముందు మీరిద్దరే వెళ్ళండి."