చౌడమ్మ కూల్పు పరీక్ష

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దలు తెలివైనవాళ్లే గానీ, మూడో మాట చెప్పకుండానే పోయారు. ఇల్లు కూల్చి చూడు. తరతరాలుగా జాతిని పీడిస్తున్న ఈ లోటును గృహార్హత శాఖ వారు మొన్నీమధ్య పూడ్చారు.

విషయం చాలా సులభం. అందుకే శాఖ వారికి అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. పాత మట్టి మిద్దెలున్నవాళ్లకు ఆ జాగాలోనే కొత్త ఇల్లు కట్టిస్తామన్నారు. కొత్తది లేవాలంటే పాతది పడాలి. కొందరు గడుసువాళ్లు పక్కన కాస్త చోటు చూసి కొత్తది కట్టించుకుని, పాతదాంట్లో బర్రెను కట్టేశారు. (బర్రె అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగుంటే, మిద్దె చల్లగా ఉందని చెప్పేది.) దీంతో శాఖకు మనుషుల మీద నమ్మకం పోయింది. అర్జీ పెట్టినవాడికి తన ఇంటిని కూల్చే గుండె ఉందా లేదా అన్నది ముందే తేల్చాలని ఒక కమిటీ కూర్చుంది. మనసులో మాట నోరు దాస్తుంది, చెయ్యి దాచలేదు అని తీర్మానించి లేచింది. ఆ చెయ్యి చెప్పే మాట వినడానికి ఒక వీడియో గేమ్ కొన్నారు.

ఆ గేమ్ ఇలా ఉంటుంది. గోడకు పెద్ద టీవీ. టీవీ నెత్తిన గుడ్లగూబ కన్నులాంటి కెమెరా. ఎదురుగా నేల మీద పసుపు గీత. గీత మీద నిలబడి ఉత్త చెయ్యి విసిరితే, తెర మీద బంతి ఎగిరిపోయి, దిమ్మెలు పేర్చిన మేడకు తగులుతుంది. మేడ కూలుతుంది. చేతిలో మాత్రం ఏమీ ఉండదు. (ఈ విషయంలో మా అర్జీదారులకు ముందు నుంచే మంచి అలవాటుంది.)

ఊరికే కూల్చేస్తే చాలదు, అందులో చిక్కు ఉంది. ఎర్ర దిమ్మెలన్నీ పడాలి. అడుగున ఉన్న పచ్చ దిమ్మె కదలకూడదు. ఇచ్చిన బంతులు అయిపోయేలోగా, ఏ మూల తగిలితే ఏది ఒరుగుతుందో చూసుకుని కొట్టాలి. ఎర్రవి గోడలనీ, పచ్చది ప్రభుత్వం కాపాడదలచిన స్థలమనీ, బంతి అంటే అర్జీదారుని చిత్తశుద్ధి అనీ శాఖ ఒక సర్కులరు పంపింది. మధ్యలో వచ్చే నీలం దిమ్మె దేనికి గుర్తు అన్నది ఇంకా పరిశీలనలో ఉంది. పెట్టె మీద 'ఏడేళ్లు దాటిన పిల్లలకు' అని అచ్చేసి ఉంది. అర్జీదారులందరూ ఏడేళ్లు దాటినవాళ్లే కాబట్టి అభ్యంతరం లేదని పైనుంచి వివరణ వచ్చింది. ఈ పథకంలో అందరూ అర్హులని తేలిన నిబంధన అదొక్కటే.

ఆలూరు దాటి పడమరకు పోతే తగిలే మా గుండ్లకొట్టాలలో ఈ పరీక్ష నడపడానికి ఉమామహేశ్వర అనే ఆయన వచ్చాడు. హోదా, కూల్పు పరిశీలనాధికారి. చాలా మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అనేదంతా నిబంధనే అంటుంది, ఆయన చదివి వినిపిస్తాడంతే.

మొదటిరోజే చిక్కొచ్చి పడింది. మా వైపు మనిషి నోటితో సగమే మాట్లాడతాడు, మిగతా సగం చేతులు మాట్లాడతాయి. దేవేంద్రప్ప అనే ఉల్లి రైతు లోపలికి వస్తూనే సారుకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. రెండు బంతులు పోయాయి.

"అయ్యో, తప్పయిపాయ సారూ," అని తల గోక్కున్నాడు. ఇంకో బంతి పోయింది.

"ఇదేం న్యాయమప్పా!" అని చెయ్యి తిప్పాడు. పచ్చ దిమ్మె పడింది.

ప్రభుత్వ స్థలానికి నష్టం కలిగించే స్వభావం గలవాడని రాసి దేవేంద్రప్పను పంపేశారు. మరునాడు గది బయట బోర్డు పెట్టారు: 'లోపల మర్యాద చూపరాదు.'

అప్పటి నుంచి జనం చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడటం నేర్చుకున్నారు. శానామంది మూగబోయారు. కొందరు దంపతుల మధ్య తగాదాలు తగ్గాయని కూడా విన్నాను.

ఇక సాధన. పొలాల గట్ల మీద నిలబడి ఆడా మగా చేతులు విసరడం మొదలుపెట్టారు. ఆదోని బస్సు డ్రైవరు, ఎవరో ఎక్కడానికి చెయ్యి ఎత్తారనుకుని ప్రతి గట్టు దగ్గరా ఆపాడు. ఎవరూ ఎక్కలేదు. పొద్దున బయల్దేరిన బస్సు మునిమాపుకు కూడా ఆదోని చేరలేదు. తర్వాత ఎవరు చెయ్యి ఎత్తినా ఆపకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు నిజంగా బస్సు కావలసినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి.

మద్దిలేటి అని, మా ఊళ్లో వడిసెలతో కంకుల మీద పిట్టల్ని తోలేవాడు. రాయి విసిరితే పిట్ట ముందే అర్థం చేసుకుని లేచిపోయేది. అతను తొలి ప్రయత్నంలోనే పరీక్ష గెలిచి, మర్నాడే రేకుల షెడ్డులో కోచింగు సెంటరు తెరిచాడు. ఫీజు ఒక నాటుకోడి. గెలుపు రాకపోతే కోడి వాపసు అని హామీ ఇచ్చాడు. (గెలుపు రాలేదని అడగబోయినవాళ్లకు కోడి కూర వాసన మాత్రం వాపసు వచ్చింది.)

కరెంటు సంగతి కూడా చెప్పాలి. హనుమేష్ అనే అర్జీదారు చెయ్యి విసిరాడు, బంతి గాల్లోకి లేచింది, కరెంటు పోయింది. బంతి గాల్లో ఉండగా చెయ్యి దించితే దాన్ని ఉపసంహరణగా పరిగణిస్తారని నిబంధన. పాపం, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడ్డాడు. గదిలో ఉక్క పోస్తోందని, తెర వైపు నుంచి ముఖం తిప్పనీయకుండా, వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు. శ్రీశైలానికి నడిచిపోతున్న కన్నడ భక్తులు ఆ దారిన వచ్చారు. ఊర్ధ్వబాహు స్వామి అనుకుని కాళ్లకు మొక్కి, టెంకాయలు కొట్టి, దుడ్లు పెట్టి పోయారు. కరెంటు వచ్చి, బంతి పచ్చ దిమ్మెకు తగిలి, హనుమేష్ ఓడిపోయాడు. కానీ అతనికి ఇప్పుడు ఇల్లు అక్కర్లేదు, మఠం కట్టించడానికి బళ్లారి నుంచి మనుషులొస్తున్నారు.

ఇంతవరకూ నవ్వులాటగానే నడిచింది. తర్వాత చౌడమ్మ వంతు వచ్చింది.

చౌడమ్మ, ఆమె మొగుడు ఈరప్ప, ఇద్దరూ కూలికి పోతారు. వాళ్ల మట్టి మిద్దె వెనక గోడ పొట్ట ఉబ్బి, బయటికి ఒరిగింది. ఒక తుమ్మ మొద్దు ఆనించి నిలబెట్టారు. మిద్దె మీద చౌడు మన్ను ఎంత పోసినా వాన ఇంట్లోకే వస్తుంది. ఇళ్ల మంజూరుకు అదే ఆఖరి రోజు. అది దాటితే మళ్లీ పథకం ఎప్పుడొస్తుందో నిబంధనకు కూడా తెలియదు. ఆకాశం నైరుతి మూల నల్లబడుతోంది.

చౌడమ్మ పసుపు గీత మీద నిలబడింది. తెర మీద మేడ వచ్చింది. దిమ్మె మీద దిమ్మె, దాని మీద ఇంకో దిమ్మె. ఆమె చూసింది, చూసింది, చేతులు కొంగులో దాచుకుంది.

"ఇది ఎవురిదప్పా?" అంది.

"ఎవరిదీ కాదమ్మా. చెయ్యి విసురు," అన్నాడు ఉమామహేశ్వర.

"ఎవురిదీ కాకుండా ఎట్లుంటాది? ఎవురో ఒకరు పేర్చుంటారు గదా."

"కంప్యూటర్ పేర్చింది."

చౌడమ్మ ముఖంలో జాలి కనబడింది. "పాపం, దానికీ ఇల్లు ల్యాదా?"

ఇక్కడ ఒక మాట. శ్రీశైలం కొండదారిలో, సరైన ఇల్లు లేనివాళ్లు చిన్న చిన్న రాళ్లు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సొంతిల్లు ఇయ్యి సామీ అని మొక్కుకుంటారు. ఎన్ని రాళ్లు నిలిస్తే అన్ని అంతస్తులని ఆశ. ఆ దారిన నడిచే వేలమందిలో ఒక్కరి కాలు కూడా ఇంకొకరి రాళ్లకు తగలదు. తోసినవాళ్లకు ఆ ఇంటివాళ్ల ఉసురు తగులుతుందంటారు. ఏటేటా ఉగాదికి నడిచిపోయి చౌడమ్మ పేర్చి వచ్చే రాళ్ల వరస ఎలా ఉంటుందో, తెర మీద మేడ అచ్చంగా అలాగే ఉంది. ఈ సంగతి గేమ్ తయారుచేసినవాళ్లకు తెలియదు. నీలం దిమ్మె గురించి ఆలోచిస్తున్న కమిటీకి అసలే తెలియదు.

ఈరప్ప కిటికీలోంచి బతిమాలాడు. "ఏమే, ఒక్క తూరి ఊపే! అది టీవీలో ఉండే ఇల్లు. ఈడ మన గోడ పడతాండాది!"

"టీవీలో ఉంటే మాత్రం? నా రాళ్లను ఎవురన్నా ఇట్ల తోస్తే నువ్వు గమ్మునుంటావా?"

"నీ రాళ్లకు ఇన్నేండ్లకు ఏమొచ్చె? కాళ్లనొప్పులు వచ్చె!"

"నీతో వచ్చినన్ని నొప్పులు కాదులే అవి," అంది చౌడమ్మ.

వరసలో నిలబడ్డ నాగక్క, అంటే పక్కింటామె, అందుకుంది. "యక్కా, నువ్వు ఊపకుంటే పక్కకన్నా జరుగు. నాకు ఇంటికాడ సంగటి మాడతాండాది."

ఉమామహేశ్వర గడియారం చూసుకున్నాడు. "చౌడమ్మా, ఇంకొంచెంసేపట్లో నీ పేరు పోతుంది. నిబంధన నా చేతుల్లో లేదు."

చౌడమ్మకు ఒక పక్క ఒరిగిన గోడ, ఇంకో పక్క ఎవరో మొక్కుకున్న రాళ్లు. ఏడుపొచ్చింది. కళ్లు మూసుకుని, "తప్పు తప్పు మల్లన్నా! నాతో ఇట్లాటి పని సేయించాకు సామీ," అంటూ చేతులు అడ్డంగా మార్చి, టపటపా చెంపలేసుకుంది.

కెమెరాకు భక్తి తెలియదు, ఊపు తెలుసు. కుడిచెయ్యి ఎడమకు, ఎడమచెయ్యి కుడికి. బంతులు రెండు వైపుల నుంచీ వెళ్లి మేడ నడుముకు తగిలాయి. ఎర్ర దిమ్మెలన్నీ జలజలా రాలిపోయాయి. నీలం దిమ్మె కూడా పోయింది. పచ్చది మాత్రం కదల్లేదు. టీవీలో గంటలు మోగాయి, రంగు కాగితాలు కురిశాయి. మా మండలంలో అంత శుభ్రంగా ఎవరూ కూల్చలేదు.

"సంపేసినావు పో!" అని గుమ్మంలోంచి చూస్తున్న మద్దిలేటి అరిచాడు. "ఈ ఎత్తు నాకే తెల్దు గదప్పా!" మళ్లీ పథకం వస్తే చెంపలేసుకోవడం కూడా నేర్పుతానని అక్కడికక్కడే ప్రకటించాడు.

కిటికీ అవతల ఈరప్ప ఎగిరి గంతేశాడు. ఉమామహేశ్వర అర్హురాలు అని రాయడానికి పెన్ను మూత తీశాడు.

చౌడమ్మ కళ్లు తెరిచింది. రాలిపడిన దిమ్మెల్ని చూసింది. "అయ్యో, నా సేతులిరగ! ఎవురి కొంప కూల్చితినో!" అంటూ తెర ముందు చతికిలబడి, రెండు చేతులతో ఆ దిమ్మెల్ని గాల్లోనే ఏరి, పోగు చేసి, పైకెత్తింది.

కింది నుంచి రెండు చేతులూ పైకెత్తితే ఆట మొదటికి రావాలని, తయారుచేసినవాళ్లు ఒక ఏర్పాటు చేసి ఉన్నారు. దిమ్మెలన్నీ లేచి, ఒకదాని మీద ఒకటి కూర్చుని, మేడ మళ్లీ నిలబడింది.

"సూడు నాయినా," అంది చౌడమ్మ కళ్లు తుడుచుకుని, "నిలబెట్టినా. ఏం కాల్యా."

పెన్ను గాల్లోనే ఆగిపోయింది. ఉమామహేశ్వర నిబంధనల పుస్తకం చాలాసేపు తిరగేశాడు. ఆయన ముఖం కూడా చిన్నబోయిందని చెప్పాలి. తర్వాత మెల్లగా చదివి వినిపించాడు. "అర్జీదారు పడిపోయిన కట్టడాన్ని సొంతంగా తిరిగి నిలబెట్టగలదని కెమెరా నిర్ధారించింది. సొంతంగా కట్టుకోగలవారికి ఈ పథకం వర్తించదు."

"అది టీవీలో గదా సారూ!" అన్నాడు ఈరప్ప.

"కూల్చిందీ టీవీలోనే గదా ఈరప్పా," అన్నాడు ఆయన.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. మొగుడూ పెళ్లాం ఉల్లినాటుకు పోయి ఉండగా మొద్దు జారింది. గోడ పడింది, గోడతో పాటు మిద్దె కూర్చుంది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి, మనుషులు లోపల లేరని తెలిసి, దేవుడికి దండం పెట్టుకున్నారు. ఈరప్పకు మాత్రం కొత్త ఆశ పుట్టింది. ఇప్పుడు పరీక్షతో పనేముంది? కూలిన ఇల్లు కళ్లెదుటే ఉంది. పరుగున పోయి సారును పిలుచుకొచ్చాడు.

ఉమామహేశ్వర బురదలో ప్యాంటు ఎత్తి పట్టుకుని, మట్టికుప్ప చుట్టూ తిరిగి చూశాడు. "బాగా కూలింది," అని ఒప్పుకున్నాడు.

"అయితే మాకు ఇల్లిస్తారు గదా సారూ?"

"ఈ పథకం పాత ఇల్లు ఉన్నవాళ్లకు ఈరప్పా. నీకిప్పుడు ఇల్లు ఎక్కడుంది?"

"ఉన్నెప్పుడు ఇయ్యకపోతిరి, ల్యానెప్పుడు ఇయ్యరు. మల్ల ఎప్పుడిస్తారప్పా?" అని చౌడమ్మ అడిగింది. ఆయన ఆ ప్రశ్నను పైకి పంపుతానన్నాడు. పంపాడు కూడా. అది ఇప్పుడు నీలం దిమ్మె పక్కన ఉంది.

మొగుడూ పెళ్లాం బడి వరండాలోకి మారారు. పొద్దున బడిగంట కొట్టేలోపు చాప చుట్టేయాలి.

సంవత్సరం చివర లెక్కలు తీస్తే, జిల్లా మొత్తంలో, పరీక్ష గెలిచినవాళ్లు కూడా పాత ఇంటిని ఇంకా కూల్చలేదని తేలింది. పూర్తిగా కూలింది చౌడమ్మ ఇల్లు ఒక్కటే. శాఖ వారు సంతోషించి, దాన్ని ఆదర్శ కూల్పుగా ప్రకటించారు. కర్నూలులో సభ పెట్టి శాలువా కప్పుతామని చౌడమ్మకు రిజిస్టరు పోస్టులో ఆహ్వానం పంపారు. 'ఈ చిరునామాలో ఇల్లు లేదు' అని రాసి పోస్టుమ్యాన్ దాన్ని వెనక్కి పంపాడు. శాఖ వారు ఆ కవరును భద్రంగా ఫైలులో పెట్టుకున్నారు, పని పూర్తయినట్టు సాక్ష్యంగా.